మూడు బండ్లు, మూడు ఫైళ్లు

(బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల సమావేశంలో, పిల్లల సంరక్షణ రంగంలో చాలాకాలం పనిచేసిన ఒక సోషల్ వర్కర్ చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దించు బాబూ... ఆఁ, చాలు. ఆదివారం పూట, అదీ సిల్క్‌బోర్డు ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారంటే మీ ఓపికకు దండం పెట్టాలి.

"ఫాస్టర్ కేర్ గురించి ఓ అరగంట చెప్పండి మేడం" అని పిలిచారు నన్ను. అయినవాళ్లు పెంచలేని పిల్లల్ని, దత్తత తీసుకోకుండానే, వేరే కుటుంబం తమ ఇంట్లో పెట్టుకుని సాకడం అన్నమాట. మొత్తం చెప్పడం నా వల్ల కాదు. అందులో ఒక్క ముక్క చెప్తాను. తోడబుట్టిన పిల్లల్ని ఒకచోటే ఉంచడం గురించి. ఈ ముక్కే ఎందుకంటే, ఈ విషయంలో నేను స్వయంగా ఒక తప్పు చేశాను. ముందు అది చెప్పేస్తే మిగతాది తేలిగ్గా చెప్పగలను.

2017లో జరిగింది. పిల్లల పేర్లు చెప్పను. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం చెప్పకూడదు కూడా. వయసులు, ఊళ్లు కాస్త అటూ ఇటూ మార్చి చెప్తున్నాను. సర్జాపూర్ రోడ్డు పక్కన ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు. ఆ రేకుల షెడ్లలో కదిరి వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం. తండ్రి సెంట్రింగ్ పని. ఎప్పుడో వెళ్లిపోయాడు, ఎక్కడికో ఎవరికీ తెలీదు. తల్లికి జ్వరం తిరగబెట్టి ఆసుపత్రిలో పోయింది. పక్క షెడ్డు వాళ్లు రెండ్రోజులు అన్నం పెట్టి, మూడో రోజు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. పదకొండేళ్ల ఆడపిల్ల, ఏడేళ్ల మగపిల్లాడు, ఏడాదిన్నర పసిది. నేను వాళ్లని పెద్దది, నడిపోడు, చిన్నది అంటాను.

దిక్కులేని పిల్లలు దొరికితే, ప్రయాణానికి పట్టే టైము కాక, 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. సీడబ్ల్యూసీ అంటాం మేము. ఒక ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. ఆ సాయంత్రం ముగ్గుర్నీ తీసుకెళ్లింది నేనే. పెద్దది చున్నీతో చిన్నదాన్ని నడుముకు కట్టుకుని నిలబడింది. నడిపోడు అక్క లంగా అంచు పట్టుకుని ఉన్నాడు. ఆర్డర్లు రాశారు. పసిదాన్ని దత్తత సంస్థకు, ఆడపిల్లని బాలికల మందిరానికి, మగపిల్లాడిని బాలుర మందిరానికి. మూడు ఆర్డర్లు, మూడు ఫైళ్లు. గేటు బయట ఒక జీపు, ఒక వ్యాను, ఒక ఆటో.

చిన్నదాన్ని తీసుకోవడానికి నర్సు వచ్చింది. చున్నీ ముడి బిగుసుకుపోయింది, రావడం లేదు. అప్పుడు నేను పెద్దదానితో అన్నాను: "పాపకి మందు వేయించి తీసుకొస్తారమ్మా, ముడి విప్పు." అది నమ్మింది. పళ్లతో పట్టి లాగి తనే విప్పి ఇచ్చింది.

అదీ నేను చేసిన పని.

ఆ రోజు అక్కడ చెడ్డవాళ్లెవరూ లేరు. సమితిలో కూర్చున్నవాళ్లు పొద్దున్నుంచీ ఎన్నో కేసులు చూసి అలసిపోయిన మంచివాళ్లు. నర్సు మంచిదే. నేనూ చెడ్డదాన్ని కాదనే అనుకుంటాను. మరి ఎలా జరిగింది? మంచాల లెక్కతో జరిగింది. ఆడపిల్లల హాస్టలు వేరు, మగపిల్లల హాస్టలు వేరు, పసిపిల్లల ఉయ్యాలలు వేరు. పిల్లల్ని వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి సర్దడం మొదలుపెడితే, తోడబుట్టినవాళ్లంత ఇబ్బంది ఇంకోటి లేదు. వాళ్లు ఒకే వయసువాళ్లు కారు, అందరూ ఆడపిల్లలో అందరూ మగపిల్లలో కారు. కవలలైతే తప్ప ఏ అరలోనూ కలిసి పట్టరు.

చట్టం ఇలా చెప్పలేదు, గుర్తుంచుకోండి. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ఫాస్టర్ కేర్ గురించి చెప్పేది 44వ సెక్షన్. విడిగా ఉండడమే పిల్లలకు మేలైతే తప్ప, తోబుట్టువుల్ని ఒకే కుటుంబంలో కలిపి ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ మాట నాకు అప్పటికే తెలుసు. ట్రైనింగుల్లో చెప్పాను కూడా. కానీ సాయంత్రం ఆరున్నరకి, మూడు బండ్లు ఇంజన్ ఆన్ చేసి నిలబడి ఉంటే, "అన్ని ప్రయత్నాలూ" అన్న మాటకి ఎంత టైము దొరుకుతుంది? ఆ రాత్రికి ముగ్గుర్నీ ఒకచోట ఉంచుకోగల ఇల్లు ఒక్కటి మా జాబితాలో ఉండి ఉంటే ఆ ప్రయత్నం అయ్యేది. లేదు. మా జాబితాలో ఉన్న ఇళ్లన్నీ "ఒక పాప, ఐదేళ్లలోపు" అని రాయించుకున్న ఇళ్లు.

ఇప్పుడు నడిపోడి సంగతి. ఇది మన తెలుగువాళ్లం ప్రత్యేకంగా వినాల్సింది.

మూడు వారాల తర్వాత బాలుర మందిరం నుంచి ఒక రిపోర్టు వచ్చింది. పిల్లవాడు పలకడం లేదు, పిలిస్తే తిరిగి చూడడం లేదు, మాటలు సరిగా వచ్చినట్టు లేవు, చెవుల పరీక్ష చేయించాలి అని. ఆ ఫారం సంచిలో పెట్టుకునే వెళ్లాను. వరండాలో ఒక స్తంభానికి ఆనుకుని గోళ్లతో సున్నం గీకుతున్నాడు. నేను పక్కన కింద కూర్చున్నాను. మాది హిందూపురం. మా అమ్మ యాసలోనే అడిగాను: "ఏమబ్బీ, బువ్వ తిన్యావా?"

తల తిప్పాడు. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మాయక్క యాడికి పాయ?" అన్నాడు. తర్వాత, "పాపకి పాలు పట్టిచ్చిండారా?" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు వాడు నోరు మూస్తే ఒట్టు. షెడ్డు దగ్గరి కుక్క గురించి, ఇసుక లారీ గురించి, వాళ్ల అవ్వ ఇంట్లో ఉన్న రెండు మేకల గురించి. అక్కడ రోజూ "ఊట ఆయ్తా?" అని, అంటే భోజనం అయిందా అని, కన్నడంలో అడిగేవాళ్లు వాడిని. ఊట అంటే వాడికి చెలమలో ఊరే నీళ్లు! ఇక్కడ నీళ్లు వచ్చాయా అని రోజూ నన్నెందుకు అడుగుతున్నారు అనుకున్నాడట. (సభలో నవ్వులు) మనం నవ్వుతున్నాం గానీ వాడికి అది నవ్వొచ్చే సంగతి కాదు. వాళ్లకి తెలుగు రాదు, వీడికి కన్నడం రాదు. ఆ ఊళ్లోకెల్లా వాడి మాట అర్థమయ్యే మనుషులు ఇద్దరే ఇద్దరు. ఒకరు హోసూరు రోడ్డు అవతల ఉన్నారు, ఇంకొకరికి ఇంకా మాటలే రాలేదు.

చెవుల పరీక్ష ఫారం అక్కడే చింపేశాను.

అందుకే చెప్తున్నాను. మనం ఇక్కడికి ఉద్యోగాలకి వచ్చాం. కన్నడం నేర్చుకున్నాం, లేదా నేర్చుకోకుండానే నెట్టుకొస్తున్నాం, అది వేరే ఉపన్యాసం. కానీ అనంతపురం నుంచి, కర్నూలు నుంచి, పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి కూలి పనికి వచ్చినవాళ్ల పిల్లలు ఈ ఊళ్లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుంటే, ఆ పిల్లలకి మిగిలే ఇల్లూ ఊరూ భాషా అన్నీ కలిపి పక్కనున్న తోబుట్టువే. అమ్మ ఎలా ఉండేదో, నాన్న ఏ పాట పాడేవాడో చెప్పడానికి ఇంకెవరున్నారు? పెద్దదానికి గుర్తుంటుంది, నడిపోడికి సగం గుర్తుంటుంది, చిన్నదానికి వీళ్లు చెప్తేనే తెలుస్తుంది. ముగ్గుర్నీ మూడు చోట్ల పెడితే ఆ కథ చెప్పేవాళ్లు ఒకచోట, వినాల్సినవాళ్లు ఇంకోచోట ఉండిపోతారు.

భాష అన్నాను కాబట్టి ఇంకో చిక్కు కూడా చెప్తాను. మనకి పెద్దమ్మ కొడుకు అన్న. చిన్నాన్న కూతురు చెల్లెలు. మేనమామ కొడుకైతే బావ. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఫారంలో ఉండేది "సిబ్లింగ్: అవును, కాదు" అనే రెండు గళ్లు. మెజెస్టిక్ రైల్వే స్టేషన్లో ఇద్దరు పిల్లలు దొరికారు ఒకసారి. ఇద్దరూ "మేం అన్నదమ్ములం" అన్నారు. తండ్రి పేరు అడిగితే చెరొక పేరు చెప్పారు. "అబద్ధాలు చెబుతున్నారు, నమ్మలేం" అని రాసేశారు. ఊరికి ఫోన్ చేసి కనుక్కుంటే, అక్కాచెల్లెళ్ల పిల్లలు. ఒకడి తల్లి పోతే పెద్దమ్మే ఇద్దర్నీ ఒకే కంచంలో పెట్టి సాకింది. వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. తెలుగులో చెప్పారు, అంతే.

ఇలాంటి పిల్లల దగ్గరికి తెలుగు తెలిసినవాళ్లు ఒక్కరు వెళ్లినా చాలు. ఫాస్టర్ తల్లిదండ్రులు కాలేనివాళ్లు ఆ పనైనా చేయొచ్చు. సమితి అనుమతితో దుబాసీగా కూర్చోండి. "ఎవర్రా మీ తమ్ముడు?" అని అడగకండి. "ఎవరెవరు ఒక ఇంట్లో పడుకునేవాళ్లు?" అని అడగండి. జవాబు వేరేగా వస్తుంది.

ఇది ఒక్క మన దేశం గొడవ కాదు. అమెరికాలో 1854 నుంచి 1929 దాకా న్యూయార్క్ లాంటి తూర్పు నగరాల్లోని అనాథ పిల్లల్ని రైళ్లెక్కించి పడమటి పల్లెలకు పంపేవాళ్లు. స్టేషన్లో దించి వరసగా నిలబెడితే, రైతులు వచ్చి తమకు నచ్చిన పిల్లని తీసుకెళ్లేవాళ్లు. అన్న ఒక ఊళ్లో దిగిపోతే చెల్లెలు అదే రైల్లో పై ఊరికి. అదే దేశం 2008లో, తోబుట్టువుల్ని కలిపి ఉంచడానికి తగిన ప్రయత్నం చేయాలని చట్టం చేసుకుంది. ఇంగ్లండు 1989 నాటి పిల్లల చట్టంలోనూ వీలైనంతవరకు కలిపే ఉంచాలని ఉంది. 2009లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు ఇచ్చింది, అందులోనూ అదే మాట. హెర్మన్ గ్మైనర్ అనే ఆయన 1949లో ఆస్ట్రియాలో మొదలుపెట్టిన ఎస్‌ఓఎస్ బాలగ్రామాలు మీలో కొందరికి తెలిసే ఉంటాయి, మన ఊళ్లోనూ ఒకటుంది. అక్కడి ఇళ్లు కట్టే పద్ధతే ఇది. ఒక అమ్మ, ఒక ఇల్లు, అందులో అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు కలిసి. అంటే కాగితం మీద అందరికీ తెలుసు. రాత్రి ఏడింటికి ఎవరి తలుపు తడతాం అన్నదే ప్రశ్న.

సరే, ఒక తలుపు తెరుచుకుంది. అది చెప్తాను.

పెద్దదాన్నీ నడిపోడినీ కలపడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. కేఆర్‌పురం వైపు ఒక చిత్తూరు దంపతులు. ఆయన రిటైరయ్యారు, పిల్లలిద్దరూ బయటి దేశాల్లో. వాళ్లు అడిగింది ఒక ఆడపిల్లని. నేను పోయి కూర్చుని, కాఫీ తాగి, ఇద్దరున్నారు అన్నాను. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన, "రెండో గదిలో ఒక మంచమే పడుతుందండీ" అన్నారు. "నడిపోడు మంచం మీద పడుకుంటే కదండీ" అన్నాను. నిజంగానే ఆర్నెల్లు వాడు అక్క మంచం పక్కన చాప మీదే పడుకున్నాడు, ఒక చెయ్యి పైకి పెట్టి.

రెండో వారం ఆవిడ నుంచి ఫోను. గొంతు వణుకుతోంది. "మేడం, ఆ పిల్ల నన్ను వాడి దగ్గరికి రానివ్వదు. నేను అన్నం పెడితే వాడు తినడు. అది కలిపి పెడితేనే తింటాడు. స్నానం అదే పోయాలి, తల అదే దువ్వాలి. నేను ఈ ఇంట్లో వంటమనిషినా?" రాత్రి రెండింటికి లేచి తమ్ముడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటోందట ఆ పిల్ల.

మా ఆఫీసులో వెంటనే ఒక సలహా వచ్చింది. అక్క అమ్మ అయిపోయింది, తన బాల్యం పోతోంది, కాబట్టి కొన్నాళ్లు విడిగా పెడదాం అని. ఈ మాట మీరు పుస్తకాల్లోనూ చూస్తారు. వినడానికి ఎంతో ప్రేమగా ఉంటుంది. నేనైతే ఒప్పుకోను. పదకొండేళ్ల పిల్ల అమ్మ పని ఎందుకు చేస్తోంది? అమ్మ పోయింది, ఒక చెల్లెల్ని తన చేతుల్లోంచే తీసుకుపోయారు కాబట్టి. రెండోవాడినీ తీసుకుపోతే ఆ పిల్ల ఆడుకుంటుందా? మీరే చెప్పండి.

మీలో బ్యాంకువాళ్లు ఉన్నారు కదా. ట్రాన్స్‌ఫర్ మీద కొత్త మేనేజరు వస్తే మొదటి రోజే పాత మేనేజర్ని బయటికి గెంటి తాళాలు లాక్కుంటాడా? పక్కన కూర్చుని చార్జి తీసుకుంటాడు. అలా చార్జి తీసుకోండమ్మా అని ఆవిడకి చెప్పాను. ఆ రోజు ఆవిడ పెద్దదాన్ని పిలిచి, గోడ మీది కేలండరు తిప్పి, వెనక ఖాళీ వైపు పెన్ను పట్టుకుని కూర్చుంది. "మీ తమ్ముడికి ఏమేం ఇష్టమో చెప్పు, నాకు తెలీదు, రాసుకుంటాను." పిల్ల చెప్తోంది, ఆవిడ రాస్తోంది. పప్పులో మిరపకాయ తీసేయాలి. మజ్జిగ అన్నంలో ఉల్లిగడ్డ ఉండాలి. సంగటి అయితే ముద్ద చిన్నగా. తలకు నూనె రాస్తే ఏడుస్తాడు, కథ చెప్పి రాయాలి. గుడ్డు పచ్చసొన తినడు, నాకివ్వండి.

తర్వాత వారం, అక్క కలిపితే ఆవిడ తినిపించింది. ఆ పై వారం, ఆవిడ కలిపితే అక్క ఒక ముద్ద తిని "సరిపోయింది" అని సర్టిఫికెట్ ఇచ్చాకే వాడు నోరు తెరిచాడు. ఇలా ఎన్ని రోజులో నేను లెక్కపెట్టలేదు. ఒక ఆదివారం రాత్రి మళ్లీ ఫోను. ఆవిడ ఏడుస్తోంది. నాకు గుండె జారిపోయింది, ఏం కొంప మునిగిందో అని. "మేడం, ఇవాళ పెద్దది ముందు తనే కంచం పెట్టుకుని తినేసి, టీవీ ముందు కూర్చుంది. తమ్ముడు తిన్నాడా అని అడగడం మర్చిపోయింది."

మర్చిపోయిందని ఏడ్చింది ఆవిడ.

మరి ఎప్పుడూ విడదీయకూడదా? అలా అనను. ఒకరి వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలే పరిస్థితి ఉంటే, అన్న చెల్లెల్ని హింసిస్తుంటే, అక్కడ కలిపి ఉంచడం పాపం. చట్టంలో ఆ వెసులుబాటు అందుకే ఉంది. కానీ అది పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టి, మాట్లాడి తేల్చాల్సిన విషయం. మంచాలు చాలవనో, బండి వెళ్లిపోతోందనో తేల్చేది కాదు.

విడిగా ఉండక తప్పని పిల్లల్ని కలపడంలో కూడా మాకు తెలివి తక్కువే. ఏం చేస్తాం? నెలకోసారి ఆఫీసుకి పిలిచి, ఎదురెదురు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, "ఊఁ, మాట్లాడుకోండి" అంటాం. లోను అడగడానికి వచ్చినవాళ్లలా బిగుసుకుపోతారు పిల్లలు. రిజిస్టర్లో మాత్రం "కలిశారు" అని రాస్తాం. మీ ఇంట్లో అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకుంటారా? కొట్టుకుంటారు, రిమోట్ లాక్కుంటారు, ఒకే బాత్రూం కోసం తలుపు బాదుతారు. కలవడమంటే అది. ఇద్దర్నీ ఒకే బడిలో వేస్తే సగం సమస్య తీరుతుంది. ఒకే రోజు క్షవరానికి తీసుకెళ్లండి. లాల్‌బాగ్‌లో వదలండి. దీపావళి వెళ్లాక భగినీ హస్త భోజనానికి అన్నని చెల్లెలున్న ఇంటికి పంపండి, మన దగ్గర అందుకోసమే ఒక పండగ పెట్టి ఉంచారు పెద్దలు.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. కొందరు గడియారం చూస్తున్నారు, నాకు కనిపిస్తోంది. (నవ్వులు)

ఫాస్టర్ కేర్ అంటే దత్తత కాదు. మా వైపు "సాకడం" అనే మాట ఉంది, దానికి దగ్గర. పిల్ల మీ పేరు మీదికి రాదు. సొంతవాళ్లు కోలుకుంటే పిల్ల తిరిగి వెళ్లొచ్చు, మధ్యలో సమితి ఒప్పుకుంటే వచ్చి చూసి వెళ్తారు. మా నడిపోడి వాళ్లకి అవ్వ ఉంది. పెంచే ఓపిక లేదు, కానీ ఉంది. పండక్కి బస్సెక్కి, రెండు కిలోల వేరుశెనక్కాయలు మూట కట్టుకుని వస్తుంది. ఆ మూట చూసి నొచ్చుకోని వాళ్లే ఈ పనికి రావాలి. దత్తతకు అర్హత వచ్చిన పిల్లల్ని దీర్ఘకాలం ఫాస్టర్ కేర్‌లో ఉంచకూడదని కూడా చట్టంలో ఉంది.

2024లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. దంపతులైతే రెండేళ్ల స్థిరమైన కాపురం ఉండాలి. 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఒంటరివాళ్లు కూడా ముందుకు రావచ్చు, ఒంటరి మగవాళ్లకైతే మగపిల్లలే. ఇంటికి వచ్చి చూస్తారు, పక్కింటివాళ్లని అడుగుతారు, మీ ఆరోగ్యం, మీ కాగితాలు చూస్తారు. తర్వాత కూడా వచ్చి చూసిపోతుంటారు. అది మీ మీద అనుమానంతో కాదు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద పిల్లకి నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. నేను చెప్పిన రోజుల్లో 2,000 ఉండేది. ఇద్దరైతే ఇద్దరికీ వస్తుంది. బెంగళూరు స్కూలు ఫీజులు తెలిసిన మనకి అది ఏ మూలకీ రాదు, నాకు తెలుసు. అప్పుడప్పుడూ ఆలస్యంగా కూడా వస్తుంది. దాన్ని నమ్ముకుని రావద్దు.

నేను అడిగేది చిన్నది. దరఖాస్తులో "ఎంతమంది" అనే చోట ఒకటి అని రాసే ముందు ఒక్క రాత్రి ఆగండి. ఇద్దరు అని రాసిన ఇల్లు జిల్లాకి నాలుగైదు ఉంటే చాలు, మూడు బండ్లు పిలిచే అవసరం రాదు.

ప్రశ్నలు అడుగుతారా? అడగండి.

(సభలో ఒకరు: ఇద్దర్ని తెస్తే వాళ్లిద్దరూ ఒక జట్టు అయిపోయి, మా సొంత పిల్లాడు ఒంటరివాడు కాడా?)

అవుతాడు. మొదట్లో తప్పకుండా అవుతాడు. నిజం చెప్పాలి కదా. మీవాడికి చెప్పకుండా, వాడి గది వాడిని అడక్కుండా పంచేస్తే మరీ అవుతాడు. కానీ ఒక్క పిల్లని తెచ్చినా మీవాడు కుళ్లుకుంటాడు. తేడా ఏమిటంటే, ఒక్కత్తే వచ్చిన పిల్ల రాత్రంతా మీ కొంగు పట్టుకుని ఉంటుంది. ఇద్దరు వచ్చారనుకోండి, సగం భారం వాళ్లే ఒకరిదొకరు మోసుకుంటారు, మీకు మీవాడితో గడపడానికి టైము మిగులుతుంది. నేను చూసిన ఇళ్లలో ఇదే జరిగింది. మీవాడి వయసు కంటే పెద్దవాళ్లని మాత్రం తేకండి, అది నా సొంత అభిప్రాయం.

(వెనక వరసలో ఒకామె: మేడం, ఆ చిన్నది ఏమైంది?)

ఇది అడుగుతారనే అనుకున్నాను.

వదిలేయబడిన పిల్ల, అనాథ పిల్ల దత్తతకు అర్హురాలని ప్రకటించడానికి చట్టం గడువు పెట్టింది. రెండేళ్లలోపు పిల్లకి రెండు నెలలు, ఆ పై వయసుకి నాలుగు నెలలు. పసిపిల్లలు సంస్థల్లో మగ్గిపోకూడదని పెట్టిన మంచి నియమమే. కానీ ఫైళ్లు మూడయ్యాయి కదా. చిన్నదాని ఫైలు తొందరగా కదిలింది. ఆ ఫైల్లో అక్క లేదు, అన్న లేడు. పెద్దదాన్ని అడిగి అడిగి, ఊరి బస్టాండు గుర్తులు పట్టుకుని, మేం అవ్వని కనుక్కునేసరికి నాలుగో నెల. అప్పటికి చిన్నదాన్ని ఒక దంపతులు ఇంటికి తీసుకెళ్లారు, వేరే రాష్ట్రం. కుదురుకున్న పిల్లని మళ్లీ కదిలించొద్దన్నారు. అది కూడా తప్పని అనలేను. చాలా మంచి దంపతులని విన్నాను. ముగ్గురి పేర్లూ ఒకే ఫైల్లో ఉండి ఉంటే, తోబుట్టువులు కలిసి కావాలని దరఖాస్తు చేసుకునే దంపతుల కోసం కొన్నాళ్లు ఆగేవాళ్లం. అలాంటివాళ్లు తక్కువే, కానీ ఉన్నారు.

దత్తత వెళ్లిన పిల్లకి 18 ఏళ్లు నిండాక, తన మూలాలు తెలుసుకోవాలనిపిస్తే అడిగే హక్కు ఉంది. ఆ హక్కు చిన్నదానిది. అక్క వెతుక్కుంటూ వెళ్తే ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పకూడదు. కాబట్టి నేను చేయగలిగింది ఒక్కటే. అదనపు రిపోర్టు ఒకటి రాసి, నీకు ఒక అక్క, ఒక అన్న, ఒక అవ్వ ఉన్నారని, ఆ ఫైల్లో పెట్టించాను. దాంతో పాటు పెద్దది ఒక ఉత్తరం రాసింది. నిన్ను బుజ్జమ్మ అని పిలిచేవాళ్లం అని, పాలలో బెల్లం వేస్తేనే తాగేదానివని. చున్నీ ముడి సంగతి కూడా రాసింది. నేను వద్దనలేదు.

రాయడం అయ్యాక నన్నడిగింది: "మేడం, దానికి తెలుగు చదవడం వస్తుందా?" 2034కి గానీ ఆ ప్రశ్నకి జవాబు తెలీదు. అందుకని అదే ఉత్తరాన్ని హిందీలో, ఇంగ్లీషులో కూడా రాయించి మూడు కాగితాలూ కలిపి పిన్ను కొట్టబోయాను. పెద్దది నా చేతిలోంచి తీసుకుని, తెలుగు కాగితం పైకి పెట్టి ఇచ్చింది.